మిద్దె మీద ట్యూబుల సోలార్ హీటర్: ఎండకు కొదవలేదు, చూసుకోవాల్సింది నీళ్లే

అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్లగొండ పల్లెల్లో మిద్దెల మీద కనబడే నల్లటి గాజు గొట్టాల సోలార్ హీటర్ గురించి ఈ రివ్యూ. ఏ ఒక్క కంపెనీ సరుకు గురించీ కాదు, ఆ రకం గురించి. తీర్పు ముందే చెప్పేస్తే: బోరు నీళ్లతో, ఏడాదిలో ఎక్కువ నెలలు వేన్నీళ్ల స్నానం చేసే ఇంటికి ఇది మంచి సరుకు. చలికాలం నాలుగు నెలలకే అయితే పెట్టిన డబ్బు తిరిగి రావడం చాలా ఆలస్యం. ఈ ప్రాంతంలో ఎండ చాలక చెడిపోయే హీటర్ దాదాపు ఉండదు. చెడగొట్టేవి నీళ్లలోని సున్నం, అడ్డదిడ్డంగా వేసిన పైపు, వేసవిలో వాడకుండా వదిలేయడం.

ముందు సైజు సంగతి. 100 లీటర్లదానికి సాధారణంగా 58 మిల్లీమీటర్ల లావు, 1800 మిల్లీమీటర్ల పొడవున్న ట్యూబులు 10 వస్తాయి. వాటికి తగిలే ఎండ మేర ఒక చదరపు మీటరుకు కాస్త తక్కువ. రాయలసీమ ఎండలో మంచి రోజున 100 లీటర్ల నీళ్లు 25 నుంచి 30 డిగ్రీల దాకా పెరుగుతాయి. అంటే 25 డిగ్రీల నీళ్లు సాయంత్రానికి 50-55కి చేరతాయి. రాత్రి నాలుగైదు డిగ్రీలు పోతాయి. "80 డిగ్రీలు గ్యారంటీ" అని చెప్పేవాళ్లు ముందురోజు నీళ్లు వాడకుండా మిగిలినప్పటి లెక్క చెబుతున్నారని అర్థం.

తెల్లవారి ట్యాంకులో 50 డిగ్రీలు ఉన్నాయనుకోండి. 20 లీటర్ల బకెట్‌ను 40 డిగ్రీలకు తేవాలంటే వేడివి 12 లీటర్లు, చల్లవి 8. మనిషికి బకెట్టున్నర చొప్పున నలుగురికి 72 లీటర్ల వేడినీళ్లు. ట్యాంకులో వేడినీళ్లు తగ్గేకొద్దీ అడుగున చన్నీళ్లు చేరుతుంటాయి కాబట్టి 100లో 75 దాకానే పనికొచ్చే వేడి ఉంటుంది. కాబట్టి నలుగురికి 100, ఆరుగురికి 150. షవర్ పెట్టుకుంటే ఈ లెక్క చెల్లదు, 200 కావాలి. "ఎందుకైనా మంచిది" అని ముగ్గురున్న ఇంట్లో 200 పెట్టుకోవడం వేసవిలో కష్టాలు కొని తెచ్చుకోవడమే. ఎందుకో కింద వస్తుంది.

పొలం నుంచి సాయంత్రం వచ్చి స్నానం చేసేవాళ్లుంటే ఈ హీటర్‌కు అంతకన్నా అనువైన ఇల్లు లేదు. ట్యాంకు అప్పుడే బాగా వేడి మీద ఉంటుంది. పొద్దున స్నానం చేసేవాళ్లకు మిగిలినవి సరిపోతాయి. తెల్లవారుజామున అందరూ ఒకరి తర్వాత ఒకరు చేసే ఇంట్లో చివరివారికి గోరువెచ్చనివే దక్కుతాయి.

కొనేటప్పుడు పట్టి చూడాల్సింది ఇంకోటి ఉంది. ఒక్కో ట్యూబులో దాదాపు 2.7 లీటర్లు పడతాయి, పదింటికి 27. కొందరు అమ్మేవాళ్లు వీటిని కూడా కలిపి 100 అంటారు. వేడి పైపు ట్యాంకు పై భాగం నుంచి బయల్దేరుతుంది, ట్యూబుల్లో నీళ్లు నేరుగా కుళాయికి రావు. ట్యాంకు ఒక్కటే ఎన్ని లీటర్లో అడిగి బిల్లు మీద రాయించుకోండి. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు ఉందో లేదో చూడండి. ఈ రకానికి ఐఎస్ 16544 అనే ప్రమాణం వర్తిస్తుంది.

బిగించడంలో మొదటి తప్పు నీడ దగ్గర జరుగుతుంది. ట్యూబుల ముఖం దక్షిణానికి. అది అందరికీ తెలుసు. కానీ బిగించేది మే, జూన్‌లలో అయితే మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు, దక్షిణాన ఉన్న వేపచెట్టు నీడ ఎక్కడా కనబడదు. డిసెంబరు వచ్చేసరికి అనంతపురంలో మధ్యాహ్నం సూర్యుడు 52 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. 10 అడుగుల గోడ నీడ అప్పుడు దాదాపు 8 అడుగులు పడుతుంది, ఉదయం తొమ్మిదికీ సాయంత్రం మూడింటికీ ఇంకా పొడుగు. చలికాలమే కదా వేన్నీళ్ల అవసరం. 10 అడుగుల అడ్డుకు 15 అడుగుల దూరం వదిలితే ఇబ్బంది లేదు.

నీళ్లు నిండిన 100 లీటర్ల సెట్టు 170 కిలోలు దాటుతుంది. పాత మట్టి మిద్దె అయితే నడిమధ్యన పెట్టొద్దు, కింద గోడ ఉన్న చోటే స్టాండు కాళ్లు రావాలి. రేకుల ఇల్లయితే స్నానాలగది స్లాబు మీద పెట్టుకోవచ్చు. రామగిరి గాలిమరలను తిప్పే గాలి మీ మిద్దె మీదా వీస్తుందని మరచిపోకండి: స్టాండు కాళ్లను కాంక్రీటు దిమ్మెల్లో బోల్టులతో బిగించాలి. ఖాళీ ట్యాంకును ఒక్క రాత్రి కూడా కట్టకుండా వదలొద్దు.

పైపుల పని దగ్గర ఖర్చు తక్కువగా కనబడుతుంది, గొడవలు మాత్రం అక్కడే పుడతాయి. ఈ హీటర్‌లో మోటారు లేదు. వేడెక్కిన నీళ్లు తేలికై ట్యాంకులోకి ఎక్కుతాయి, చల్లవి ట్యూబులోకి దిగుతాయి. ట్యాంకు మాత్రం ఒత్తిడి తట్టుకునేది కాదు. చన్నీళ్ల సింటెక్స్ అడుగు సోలార్ ట్యాంకు తల కన్నా పైన ఉండాలి. స్లాబు మీదే సింటెక్స్ పెట్టిన ఇళ్లలో దాన్ని ఆరేడు అడుగుల దిమ్మె మీదికి ఎత్తాల్సి వస్తుంది. కొటేషన్‌లో ఈ ఖర్చు ఎవరూ చూపరు. ట్యాంకు మీది ఎయిర్ వెంట్ గొట్టం సింటెక్స్ నిండినప్పటి నీటి మట్టం కన్నా పైకి లేవాలి, లేకపోతే అక్కడినుంచి నీళ్లు కారిపోతూనే ఉంటాయి. దాని మూతి మూసేస్తే? పైనుంచి నీళ్లు దిగినప్పుడు గాలి లోపలికి వెళ్లే దారి లేక పలచటి లోపలి ట్యాంకు నొక్కుకుపోతుంది.

వేడి లైనుకు వేడిని తట్టుకునే సీపీవీసీ లేదా పీపీఆర్ గొట్టం వాడాలి. మామూలు పీవీసీ గొట్టం ఆ వేడికి మెత్తబడి కుంగుతుంది. ముప్పావు అంగుళం సీపీవీసీలో మీటరుకు పావు లీటరు నీళ్లు నిలుస్తాయి. పైపు పొడవు 20 మీటర్లయితే పొద్దున కుళాయి తిప్పగానే 5 లీటర్లు చల్లారినవే వస్తాయి. అందుకే హీటరును స్నానాలగది నెత్తినే పెట్టమనేది. మిద్దె మీద పైపుకు నల్ల ఫోము తొడుగు వేయించి, పైన ఎండ తగలకుండా టేపు చుట్టించండి, లేకపోతే అది రెండేళ్లలో పొడిపొడిగా రాలుతుంది. పైపు ఎక్కడా పైకి లేచి దిగకూడదు. లేచిన చోట గాలి చేరి ధార ఆగిపోతుంది.

ఇక మిక్సర్ కుళాయి. చన్నీళ్ల లైనుకు ప్రెషర్ పంపు ఉండి వేడి లైనుకు లేకపోతే, చన్నీళ్లు మిక్సర్‌లోంచి వేడి లైనులోకి ఎదురెక్కి సోలార్ ట్యాంకులో పడతాయి. "రోజంతా ఎండ, అయినా నీళ్లు వేడెక్కవు, వెంట్ నుంచి ధార" అనే ఫిర్యాదుకు మొదట చూడాల్సింది ఇదే. రెండు లైన్లకూ నీళ్లు ఒకే సింటెక్స్ నుంచి రావాలి.

మొదటిసారి నీళ్లు నింపేది తెల్లవారుజామునే. ఎండలో ఉన్న ఖాళీ ట్యూబు లోపల 200 డిగ్రీలు దాటుతుంది. అందులోకి చన్నీళ్లు వదిలితే పటపటా పగులుతాయి. పగలే నింపక తప్పకపోతే ముందురోజు రాత్రి నుంచే గోనెపట్టాలు కప్పి ఉంచాలి.

ఇప్పుడు నీళ్ల సంగతి. మన బోరు నీళ్లు 60 డిగ్రీలు దాటితే అందులో కరిగి ఉన్న సున్నం వేగంగా విడిపోయి పెచ్చు కడుతుంది. ట్యూబుల రకంలో ఆ పెచ్చు ట్యూబు అడుగున పేరుకుంటుంది. ట్యూబు ఊడదీసి కడగొచ్చు కాబట్టే ఈ ప్రాంతానికి ప్లేటు రకం (చదునైన గాజు పెట్టెలో రాగి గొట్టాలున్నది) కన్నా ఇది నయం. ప్లేటు సోలార్‌లో అర అంగుళం రాగి గొట్టాలు ఒకసారి పూడుకుపోతే యాసిడ్ తిప్పడం తప్ప దారి లేదు. నదీజలాల కుళాయి ఉన్న ఊళ్లో ప్లేటు రకానికే ఓటు: గట్టి గాజు, ఎక్కువకాలం మన్నుతుంది.

కడిగే పద్ధతి: ఇన్‌లెట్ వాల్వు కట్టేసి, చల్లటి వేళ ట్యాంకు నీళ్లు వదిలేయాలి. ట్యూబును ముందు పైకి, ట్యాంకులోకి నెట్టి కింది కప్పు లోంచి కొన విడిపించి, మెల్లగా తిప్పుతూ కిందికి లాగాలి. కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) 130-140 గ్రాములు గోరువెచ్చని నీళ్లలో కలిపి ట్యూబు నింపి నాలుగైదు గంటలు ఉంచితే పెచ్చు వదులవుతుంది. పొడవాటి మెత్తని బ్రష్షుతో తోమి కడగాలి. బాత్రూం యాసిడ్ ముట్టుకోవద్దు. దానిలోని క్లోరైడు స్టీలు ట్యాంకును చిల్లులు చేస్తుంది. తిరిగి ఎక్కించేటప్పుడు ట్యూబు మూతికి సబ్బునీళ్లు రాస్తే సిలికాన్ గాస్కెట్‌లోకి జారుతుంది. నూనె, గ్రీజు రాస్తే గాస్కెట్ ఉబ్బి కారుతుంది. నీళ్లలో సున్నం మరీ ఎక్కువున్న ఊళ్లో ఏటా దసరా ముందు ఒకసారి, లేకపోతే రెండేళ్లకోసారి.

ఉప్పదనం ఎక్కువున్న నీళ్లకు 304 స్టీలు ట్యాంకు నమ్మదగింది కాదు. అతుకుల దగ్గర సూది బెజ్జాలు పడతాయి. బయటికి పురుగు తొలిచినట్టు తుప్పు మరక కనబడేసరికి లోపలి ఫోము తడిసిపోయి ఉంటుంది. అక్కడ ఎనామిల్ పూత ట్యాంకు, అందులో మెగ్నీషియం కడ్డీ ఉన్నది తీసుకోవాలి. ఆ కడ్డీ తాను కరిగిపోతూ ట్యాంకును కాపాడుతుంది. ఏడాదికోసారి తీసి చూసి, సగానికి పైగా కరిగితే మార్చాలి. దాని ధర వందల్లోనే. మార్చాలన్న సంగతి చెప్పే డీలరు మాత్రం అరుదు.

వేసవి మాట. ఏప్రిల్, మే నెలల్లో సింటెక్స్ నీళ్లే చేయి కాలుస్తుంటే వేడినీళ్లు వాడేదెవరు? వాడని ట్యాంకు రోజురోజుకీ వేడెక్కి మరిగి, వెంట్ నుంచి ఆవిరి కక్కుతుంది. గాస్కెట్లు గట్టిపడతాయి, ఏడాదిలో పట్టే సున్నంలో పెద్ద వాటా అప్పుడే పడుతుంది. మందు సులువు: సగానికి పైగా ట్యూబుల మీద తెల్లటి పట్టా కప్పి తాడుతో కట్టేయడం. నీళ్లు వదిలేసి ఖాళీగా ఎండబెట్టడం ఇంకా చెడ్డది.

కోతులున్న ఊళ్లో ట్యూబులు పగలడం మామూలే. నేరుగా నీళ్లు నిలిచే ఈ రకంలో ఒక్క ట్యూబు పగిలితే ట్యాంకు మొత్తం ఖాళీ అవుతుంది. వాల్వు తెరిచి ఉంటే సింటెక్స్ కూడా దాని వెంటే. ఇన్‌లెట్ వాల్వు చేతికందే చోట ఉండాలి. ట్యూబుల పైన ఒక జానెడు ఎత్తున పెద్ద కళ్ల ఇనుప జాలీ వేయిస్తే నీడ పెద్దగా పడదు. ట్యూబు కింది కొన లోపల అద్దంలా మెరిసే పూత తెల్లబడిందంటే ట్యూబు రెండు పొరల గాజు మధ్య, గాలే ఉండకూడని చోట, గాలి చొరబడినట్టే, అది పనికిరాదు. మంచి ట్యూబు పైగాజు మిట్టమధ్యాహ్నం పట్టుకున్నా చేయి కాలదు. కాలిందంటే వేడి బయటికి పోతోందన్నమాట.

ముసురు రోజులకు ట్యాంకులో 2 కిలోవాట్ల కాయిల్ పెట్టించుకోవచ్చు. 100 లీటర్లను 25 నుంచి 45 డిగ్రీలకు తేవడానికి గంటా పది నిమిషాలు పడుతుంది. పల్లెలో వోల్టేజి 180కి పడితే అదే కాయిల్ 1.2 కిలోవాట్లే ఇస్తుంది, దాదాపు రెండు గంటలు. ఎర్తింగు, 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) లేకుండా దీన్ని కలపనే వద్దు. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు స్విచ్చి వేస్తే కాయిల్ కాలిపోతుంది.

డబ్బు లెక్క: 100 లీటర్ల సెట్టు, పైపులు, దిమ్మె కలిపి దాదాపు 25,000 అనుకుందాం. నలుగురి స్నానాలకు గీజరు అయితే రోజుకు రెండు యూనిట్ల పైచిలుకు, నెలకు 65 దాకా. ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 126-225 యూనిట్ల శ్లాబులో యూనిట్ 6 రూపాయలు, అంటే నెలకు 400 దగ్గర. పది నెలలు వాడే ఇంటికి ఆరేళ్లలో గిట్టుతుంది, నాలుగు నెలల ఇంటికి పదిహేనేళ్లు. తెలంగాణలో గృహజ్యోతి ఉన్న ఇళ్లకు లెక్క వేరు: 200 యూనిట్ల లోపుంటేనే జీరో బిల్లు. గీజరు వల్ల గీత దాటే ఇంటికి సోలార్ త్వరగా గిట్టుతుంది, 120 యూనిట్లలో ఉండే ఇంటికి గిట్టదు. కట్టెల పొయ్యి మీద కాగు పెట్టే ఇంట్లో డబ్బు కన్నా పొగ, కట్టెలు మోసే చాకిరీ తగ్గడమే లాభం.

హీట్ పంపు (గాలిలోని వేడిని లాగి నీళ్లు కాచే కరెంటు యంత్రం) గీజరు తినే కరెంటులో మూడోవంతు లోపే తింటుంది, మన వేడి వాతావరణంలో బాగా పనిచేస్తుంది. కానీ ధర చాలా ఎక్కువ, మండల కేంద్రంలో కూడా దాన్ని బాగుచేసేవాళ్లు దొరకడం కష్టం. మిద్దె మీద ఇప్పటికే సోలార్ కరెంటు పలకలున్న వాళ్లు మంచి స్టార్ గీజరును పగలు నడుపుకోవచ్చు, వేరే హీటర్ అక్కర్లేదు.

"సబ్సిడీ వస్తుంది" అని అమ్మేవాళ్లతో జాగ్రత్త. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ డబ్బు కరెంటు పలకలకే, 3 కిలోవాట్లకు 78,000 దాకా. వేన్నీళ్ల హీటర్‌కు అది రాదు. జీఎస్టీ మాత్రం 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం పోయి 5 అయింది, బిల్లులో అదే ఉందో చూసుకోండి. వారంటీ కాగితంలో ట్యాంకుకు ఎన్నేళ్లో కన్నా ముందు చదవాల్సింది కింది చిన్న అక్షరాలు: "నీటి కాఠిన్యం (హార్డ్‌నెస్) ఇంత దాటితే వర్తించదు" అని చాలా వాటిలో ఉంటుంది. కొనకముందే మీ బోరు నీళ్లను ఒక సీసాలో పట్టి పరీక్ష చేయించి, ఆ రిపోర్టు డీలరుకిచ్చి, ఈ నీళ్లకు వారంటీ ఉందని బిల్లు మీద సంతకం పెట్టించుకోండి. పెట్టనంటే మరో కొట్టు చూసుకోండి.