నిండు బోల్‌స్టర్ కత్తి: కొన్నేళ్లు వాడాక

ఈ కత్తితో నాకున్న పేచీ అంతా ఒక్క చోటే. పిడికీ బ్లేడుకీ మధ్య లావుగా ఒక ఉక్కు దిమ్మ ఉంటుంది, బోల్‌స్టర్ అంటారు. కొన్ని కత్తులకు అది సగంలో ఆగిపోతుంది. నా కత్తికి మాత్రం పైనుంచి కింద పదును దాకా నిండుగా దిగి ఉండేది. కొనేటప్పుడు నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. ఇంకోసారి కొనాల్సి వస్తే అది లేనిదే చూసుకోవాలి అనిపించేలా చేసిందీ అదే.

ఎనిమిది అంగుళాల షెఫ్ నైఫ్, ఉక్కును కాల్చి సాగగొట్టి చేసే జర్మన్ తరహాది. పొడవు, బరువు, పిడికి ఎన్ని రివెట్లు లాంటివన్నీ డబ్బా మీదే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. రోజూ రెండు పూటలా వంట జరిగే ఇంట్లో, పలువురి చేతులు మారుతూ, అప్పుడప్పుడూ సింకులో నానుతూ బతికిన కత్తి ఇది. ఇక్కడ రాసేదంతా ఆ వాడకాన్ని బట్టే.

మొదట్లో దీని మీద మోజు అంతా ఇంతా కాదు. బొటనవేలు, చూపుడువేలు బ్లేడును రెండు వైపుల నుంచి నొక్కి పట్టుకుని, మిగతా మూడు వేళ్లు పిడి చుట్టూ వేసే పట్టు ఉంది కదా, ఆ పట్టులో మధ్యవేలు సరిగ్గా బోల్‌స్టర్‌కి ఆనుతుంది. నున్నగా, గుండ్రంగా ఉండటం వల్ల ఎంతసేపు తరిగినా వేలు ఒరుసుకోదు. దిమ్మ లేని పల్చటి కత్తులకు ఆ చోటు వాడిగా ఉండి, వేలి పక్కన కాయ కట్టేస్తుంది. పైగా ఆ బరువు వల్ల కత్తి తూకం వేళ్ల దగ్గరే కుదురుతుంది, మొన ముందుకు వాలదు. అడిగిన వాళ్లందరికీ కొన్నాళ్లపాటు ఇదే కొనమని చెబుతూ వచ్చాను.

ఉక్కును కూడా బాగా మెచ్చుకున్నాను. ఈ తరహా కత్తుల్లో వాడేది మరీ గట్టి ఉక్కు కాదు. కార్బన్ 0.5 శాతం, క్రోమియం 15 శాతం దగ్గర ఉండే రకం; గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 56 అటూ ఇటూ ఉంటుంది. జపాన్ కత్తులు చాలావరకు 60 దగ్గర, ఆ పైన. గట్టి ఉక్కు పదును ఎక్కువ కాలం నిలుపుతుంది గానీ, ఎముకకో ఫ్రీజర్‌లోంచి తీసిన ముద్దకో తగిలిందంటే అంచు పెచ్చు ఊడుతుంది. మెత్తటి ఉక్కు ఊడదు, పక్కకు ఒరుగుతుంది. ఒరిగిన అంచును హోనింగ్ రాడ్ మీద, అంటే అంచును సరిచేసే పొడవాటి కడ్డీ మీద, అటూ ఇటూ నాలుగుసార్లు గీస్తే మళ్లీ నిలబడుతుంది. ఇంట్లో అందరూ వాడే కత్తికి ఇదే మేలని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. కాకపోతే మెత్తటి ఉక్కు సానరాయి దగ్గరికి తరచుగా వెళ్లాల్సి వస్తుంది. రాడ్ ఒరిగిన అంచును నిలబెట్టగలదు, అరిగిపోయిన అంచును తిరిగి తేలేదు. టమాటా తొక్క మీద కత్తి జారడం మొదలైందంటే రాయి బయటికి తీయాల్సిందే. నిండు బోల్‌స్టర్‌కీ రాయికీ అసలు పడదు.

అది మొదట బయటపడింది ఉల్లికాడల దగ్గర. సన్నగా, చకచకా తరిగి గిన్నెలో వేయబోతే, ముక్కలు విడిపోకుండా దండలా వేలాడాయి. ఒక్కో ముక్క కింద సన్నటి పొర ఒకటి తెగకుండా మిగిలిపోతోంది. పదును తగ్గిందనుకుని 1000 గ్రిట్ రాయి మీద, తర్వాత 3000 మీద పెట్టాను (గ్రిట్ అంకె పెరిగేకొద్దీ రాయి నున్నగా ఉంటుంది). కాగితం గాల్లో పట్టుకుని కోస్తే చప్పుడు లేకుండా చీలింది. ఉల్లికాడలు మాత్రం మళ్లీ అంతే, ఇంకాస్త ఎక్కువే.

అనుమానం బోర్డు మీదికి పోయింది. చెక్క బోర్డు మధ్యలో అరిగి గుంట పడినా ఇలాగే అవుతుంది. స్టీలు స్కేలు అంచు మీద నిలబెట్టి చూస్తే బోర్డు చదునుగానే ఉంది. అదే స్కేలును కత్తికి ఆనించి కిటికీ వైపు పట్టుకున్నాను. పిడి దగ్గర ఒకటి రెండు అంగుళాల మేర, పదునుకూ స్కేలుకూ మధ్య నుంచి వెలుతురు గీత కనిపించింది. వెనకాల బోల్‌స్టర్ స్కేలుకు తగులుతోంది, ముందు బ్లేడు నడుమ తగులుతోంది, మధ్యలో పదును లోపలికి పోయింది. అంటే కోసేటప్పుడు బోర్డుకు ముందు తగిలేది బోల్‌స్టర్ మూల. అది మొండిది, ఏమీ కోయదు. అది తగిలి కత్తి ఆగిపోతే, దాని పక్కనున్న పదును బోర్డును చేరే దారి లేదు. ఆ సందు గోటి మందమే ఉండొచ్చు. ఉల్లికాడ పొర తెగకుండా తప్పించుకోవడానికి ఆ మాత్రం చాలు.

ఎందుకిలా అయిందో రాయి మీద కత్తిని నెమ్మదిగా లాగి చూస్తే తెలిసింది. పదును పెట్టాలంటే బ్లేడును 15 నుంచి 20 డిగ్రీల కోణంలో రాయికి ఆనించి పట్టాలి. పిడి దాకా మొత్తం అంచును రాయి మీదికి తేవాలని చూస్తే, బ్లేడు కన్నా ఎన్నో రెట్లు మందమున్న బోల్‌స్టర్ రాయి మీదికి ఎక్కి, పక్కనున్న అంచును పైకి లేపేస్తుంది. అందుకే చేయి తనంతట తానే కొంచెం ముందు నుంచి మొదలుపెడుతుంది, ప్రతిసారీ అక్కడి నుంచే. బ్లేడు వెంట్రుకవాసి చొప్పున అరుగుతూ పోతుంది, బోల్‌స్టర్ ఎక్కడిదక్కడే ఉంటుంది. గాడిలో పెట్టి లాగే షార్పెనర్లు ఇంకా ఘోరం. గాడిలోకి దిమ్మ దూరదు కాబట్టి కత్తి ఎప్పుడూ ఒకే చోట దిగుతుంది, చేతి బలం మొదట అక్కడే పడుతుంది. మా ఇంట్లో అలాంటిది ఒకటుంది. నేను లేనప్పుడు దానికి చేతినిండా పని.

అరగడం నాకు బాధ కాదు, ఏ కత్తయినా అరుగుతుంది. కోపం ఎక్కడంటే, ఇలాంటి కత్తిని తరతరాలు వాడుకోవచ్చని చెప్పి అమ్ముతారు. తరతరాలు వాడాలంటే ఎన్నోసార్లు సాన పట్టాలి. సాన పట్టిన ప్రతిసారీ ఒక మెట్టు చెడగొట్టే భాగాన్ని దానికే తగిలించడం ఏం ఆలోచనో! కంపెనీకి ఫొటోలు పంపితే, ఇది వాడకంలో వచ్చే అరుగుదల, వారంటీ కిందికి రాదు అని చాలా మర్యాదగా జవాబిచ్చారు. డబ్బాలో వచ్చిన కాగితంలో మాత్రం పిడి దగ్గర నుంచి మొన దాకా సమంగా సాన పట్టాలని రాసి ఉంది. బొమ్మలో చూపించిన కత్తికి బోల్‌స్టర్ లేదు.

దీనికి మందు ఒకటే. బోల్‌స్టర్‌ను కింది నుంచి కొన్ని మిల్లీమీటర్లు అరగదీసి పదును గీత కన్నా పైకి తేవాలి, ఆ తర్వాత గుంట పోయేదాకా మొత్తం అంచును తిన్నగా దించాలి. చేత్తో రాయి మీద తేలిగ్గా అయ్యే పని కాదు. సాన పట్టే షాపులో ఇచ్చాను. నీళ్లలో ముంచుతూ చేయమని ఒకటికి రెండుసార్లు చెప్పే ఇచ్చాను. పొడి చక్రం మీద ఆపకుండా పెడితే పల్చటి అంచు క్షణాల్లో కాలిపోతుంది, ఉక్కుకు ఉన్న టెంపర్, అంటే కాల్చి చల్లార్చి తెచ్చిన గట్టిదనం, పోతుంది. తిరిగి వచ్చిన కత్తికి బోల్‌స్టర్ చక్కగా ఏటవాలుగా తీసి ఉంది. దాని పక్కనే చిటికెనవేలి గోరంత నీలం మచ్చ కూడా ఉంది. “పాలిష్ చేస్తే పోతుందండీ” అన్నాడు షాపతను. రంగు పోతుంది, మెత్తబడిన ఉక్కు మళ్లీ గట్టిపడదు కదా. ఆ చివరి అర అంగుళం మిగతా అంచు కన్నా ముందే మొండిబారేది. రాడ్ మీద గీస్తే పదును వచ్చినట్టే వచ్చి, ఒక పూట వంటకే పోయేది. రాయి మీద అరిగిన కొద్దీ ఆ మెత్తటి ఉక్కు చాలావరకు పోయింది. ఇప్పుడు పనిగట్టుకుని వెతికితే తప్ప తేడా తెలియదు.

ఇంతా చేస్తే, దిమ్మ తగ్గాక కత్తి ఇంత మారుతుందని మాత్రం నేను అనుకోలేదు. పిడి పక్కనున్న మూల కూడా కోస్తోంది! కొన్న రోజు నుంచీ ఆ కాస్త మేర బోల్‌స్టర్ కింద వృథాగానే ఉందని అప్పుడు తెలిసింది. నిజానికి చేతి బలం ఎక్కువగా పడేది అక్కడే. క్యారెట్ లావు వైపు, గుమ్మడికాయ పెచ్చు, క్యాబేజీ కాడ, ఇలాంటివి వచ్చినప్పుడు ఎవరైనా పిడికి దగ్గరగా పెట్టే నొక్కుతారు. బంగాళాదుంప కళ్లు తీయడానికి చిన్న కత్తి వెతుక్కోవడం కూడా మానేశాను, ఆ మూలతోనే గుచ్చి తిప్పేస్తున్నాను.

నష్టాలూ ఉన్నాయి. గుంట పోగొట్టడానికి మొత్తం అంచు కాస్త పైకి జరిగింది. బ్లేడు కింద పల్చగా, పైకి వెళ్లేకొద్దీ మందంగా ఉంటుంది కాబట్టి, అంచు పైకి జరిగితే పదును మందమైన చోటికి వచ్చినట్టే. అందుకే పదును బాగున్నా, క్యారెట్ తెగడానికి బదులు టప్పుమని పగిలేది. పదును పెట్టించుకుంటే సరిపోదు, పక్కలు కూడా పల్చన చేయాలి. ముతక రాయి మీద, 400 గ్రిట్, కొద్దికొద్దిగా నేనే చేసుకున్నాను. బ్లేడు మెరుపు పోయి గీతలు పడ్డాయి. నాకేం దిగులు లేదు గానీ, చూసినవాళ్లు కత్తికి ఏమైందని అడుగుతారు. ఎత్తు తగ్గడం వల్ల వేలి కణుపులు బోర్డుకు మునుపటి కన్నా దగ్గరయ్యాయి. నా చేతులు చిన్నవి కాబట్టి సర్దుకుపోయాను, పెద్ద చేతులవాళ్లకు ఇబ్బందే. ఇంకోటి, నిండు బోల్‌స్టర్ వేలు జారి పదును మూల మీదికి పోకుండా అడ్డుకుంటుంది. తీయించిన కొత్తలోనే ఆ మూల నా మధ్యవేలి మీద ఒక గాటు పెట్టింది. సన్నటి గరుకు కాగితంతో మూలను కాస్త గుండ్రం చేశాక ఆ బెడద తగ్గింది.

మిగతా సంగతులు పెద్దగా చెప్పుకోవాల్సినవి కావు. స్టెయిన్‌లెస్ కదా అని ఉప్పు తగిలిన కత్తిని రాత్రంతా తడిగా వదిలేస్తే సూదిమొనంత గుంటలు పడ్డాయి, రెండే, పిడి వైపు. గాజు బోర్డు మీద దీన్ని పెట్టనివ్వను. పిడి ఇప్పటికీ బిగువుగానే ఉంది.

కత్తి షాపులో ఉన్నన్నాళ్లూ రేకును కత్తిరించి చేసిన ఒక చవక కత్తితో గడిపాను. ప్లాస్టిక్ పిడి, బోల్‌స్టర్ లేదు. ఆ తర్వాత కూడా దాన్ని వాడుతూనే ఉన్నాం, లాగుడు షార్పెనర్‌లో ఎవరు పడితే వాళ్లు లాగేస్తున్నారు. అంచు ఇప్పటికీ బోర్డు మీద చదునుగా కూర్చుంటుంది. చేతికి తేలిగ్గా తగులుతుంది, తడిస్తే పిడి జారుతుంది, పట్టుకోవడంలో సరదా అన్నదే లేదు. ఉల్లికాడలను మాత్రం పూర్తిగా కోస్తుంది. ఇది రాయడానికి నాకు మనసొప్పడం లేదు.

కొత్తగా కొనేవాళ్లు షాపులో కాగితం కోసి చూస్తే పెద్దగా తెలిసేదేమీ ఉండదు, కొత్త కత్తి ఏదైనా కాగితం కోస్తుంది. చదునైన బల్ల మీద కత్తిని నిలబెట్టి, పిడి వైపు అంచు కింద నుంచి వెలుతురు వస్తోందేమో చూడండి. బోల్‌స్టర్ పదును గీతకు పైనే ఆగిందా, దాంతో సమానంగా కిందికి దిగిందా చూడండి. సమానంగా దిగినా మొదట్లో మీకేమీ తేడా తెలియదు, సాన పట్టడం మొదలయ్యాకే తెలుస్తుంది. బోర్డుకూ మీ వేళ్లకూ మధ్య ఎంత చోటు మిగులుతోందో మీ చేత్తోనే చూసుకోవాలి, ఇంకొకరి మాట పనికిరాదు. బోల్‌స్టర్ ఉంటేనే సాగగొట్టి చేసిన అసలైన కత్తి అని అమ్మేవాళ్లు అంటుంటారు. రేకు బ్లేడుకు కూడా దిమ్మ వెల్డింగ్ చేసి అతికించేవి ఉన్నాయి, సాగగొట్టిన వాటిలోనూ సగం దిమ్మవి దొరుకుతున్నాయి, కాబట్టి ఆ మాట పట్టుకుని డబ్బు పెట్టకండి.

మరి ఇది కొనొచ్చా? ఏడాదికోసారి సాన పట్టించుకునే ఇంటికైతే ఈ గుంట కంటపడటానికి చాలా ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా ఇంత సుఖమైన పట్టు అన్ని కత్తులకూ దొరకదు. వేళ్లు జారతాయని భయపడేవాళ్లకు, కొత్తగా తరగడం నేర్చుకునేవాళ్లకు నిండు దిమ్మే నయమేమో కూడా. నాలా రాయి పక్కనే పెట్టుకుని, కాస్త మొండిబారితే చాలు గీసే అలవాటున్నవాళ్లు సగం దిమ్మది చూసుకోవడం మంచిది. ఇదే కంపెనీ దాదాపు ఇదే కత్తిని అలా కూడా అమ్ముతోంది. నేను మాత్రం ఇప్పట్లో కొనను. ఉన్నదాని మీద ఇంత పని చేయించాక చేయి దీనికే అలవాటు పడింది. పైగా మా ఇంట్లో ఆ లాగుడు షార్పెనర్‌ను ఎవరూ వదిలిపెట్టేలా లేరు, కొత్త కత్తి తెచ్చి దాని పాలు చేయడం ఎందుకు.