మద్రాసులో రైలు దిగాక ఆటోతో పని లేదా? సెంట్రల్ మెట్రో చాలాకాలం వాడాక

నెల్లూరు నుంచి మద్రాసు పోయేవాళ్లకి ఈ పదేళ్లలో జరిగిన పెద్ద మేలు ఏదంటే సెంట్రల్ ముందర భూమి కింద కట్టిన మెట్రో స్టేషనే అంటాను. వందేభారత్ గురించి మనోళ్లు గొప్పగా చెప్పుకుంటారు గానీ, అది గూడూరు దాటాక రేణిగుంట చుట్టు తిరిగి పోయే బండి. సూళ్లూరుపేట మీదుగా తిన్నగా పోయే పినాకిని ఎక్స్‌ప్రెస్‌తో పోలిస్తే టికెట్ ధర పెరుగుతుందే తప్ప టైము కలిసిరాదు.

అసలు అవస్థంతా ఒకప్పుడు రైలు దిగాకే మొదలయ్యేది. బయట అడుగు పెట్టగానే నలుగురు ఆటోవాళ్లు చుట్టుముట్టడం, తెలుగు మాట వినపడితే రేటు పెరగడం. ఇప్పుడు స్టేషన్ ముందు ఆవరణలోనే మెట్రో మెట్లున్నాయి, లిఫ్టుంది. రోడ్డు దాటక్కర్లేదు, బేరమాడక్కర్లేదు. 2019 ఫిబ్రవరిలో ఏజీ-డీఎంఎస్, వాషర్‌మన్‌పేట స్టేషన్ల మధ్య దారి తెరిచాక సెంట్రల్ నుంచి అన్నా సాలై కిందుగా ఎయిర్‌పోర్టుకి ఒకటే బండి. పై ఊళ్లకి పిల్లల్ని పంపేవాళ్లు, గల్ఫ్ నుంచి వచ్చే మనిషిని తోడ్కొచ్చేవాళ్లు ఈ సుఖం తెలిశాక మళ్లీ ఆటో మొహం చూడరు.

పొరపాటు జరిగేది కింద ప్లాట్‌ఫారం మీద. సెంట్రల్‌లో రెండు లైన్లు వేర్వేరు అంతస్తుల్లో ఉంటాయి. ఎయిర్‌పోర్టుకి కావాల్సింది నీలం లైను. తొందరలో ఆకుపచ్చ లైనెక్కితే ఎగ్మూరు, అన్నానగర్, కోయంబేడు, వడపళని అంతా చుట్టి ఆలందూరులో మారాల్సొస్తుంది. సరిగ్గా నీలం లైనే ఎక్కినా ఇంకో తిరకాసుంది. ఆఫీసు వేళల్లో కొన్ని బండ్లు వాషర్‌మన్‌పేట, ఆలందూరు మధ్యే తిరుగుతాయి, ఎయిర్‌పోర్టు దాకా పోవు. బండి ముందు భాగాన, ప్లాట్‌ఫారం బోర్డు మీద చివరి స్టేషన్ పేరు చూసి ఎక్కాలి. ఆలందూరులో దించేస్తే కంగారుపడి గేటు దాటి బయటికి పోవద్దు. దాటితే అక్కడికి ఆ టికెట్ సరి, మళ్లీ కొనాల్సిందే. లోపలే ఉండి వెనక బండి ఎక్కితే చాలు. కోయంబేడు బస్టాండుకి పోయేవాళ్లకీ ఒక మాట: కోయంబేడు అనే స్టేషన్ వేరు, సీఎంబీటీ అనే స్టేషన్ వేరు. బస్టాండుకి ఆనుకుని ఉండేది రెండోది.

సామాను సంగతి కూడా చెప్పాలి. పైన అంత మెచ్చుకున్నది చేతిలో ఒక పెట్టె, భుజాన ఒక సంచి ఉన్న మనిషికి. అమెరికా పోయేవాళ్లు మోసే 23 కిలోల పెట్టెలు రెండేసి ఉంటే స్కానర్ దగ్గర ఎత్తడం, లిఫ్టు కోసం నిలబడటం, అవతల స్కైవాక్ మీద టెర్మినల్ దాకా తోసుకుపోవడం, ఇద్దరు మనుషులు కావాల్సిన పని. అలాంటప్పుడు నెల్లూరు నుంచే కారు మాట్లాడుకోవడం నయం. తమిళనాడు పర్మిట్, టోలు ఎవరి ఖర్చో ముందే తేల్చుకోండి. పుళల్ దగ్గర బైపాస్ ఎక్కించమని డ్రైవర్‌కి చెప్పండి, ఊళ్లోకి దూరితే గంట పోతుంది.

ఆసుపత్రి పని మీద పోయేవాళ్లకీ పూర్తి సుఖమని చెప్పలేను. ఆసుపత్రులుండే గ్రీమ్స్ రోడ్డుకి దగ్గరి స్టేషన్ థౌజండ్ లైట్సే గానీ, పేషెంటుతో అక్కడి నుంచి నడిచే దూరం కాదు, ఆ కాస్తకి ఆటో తప్పదు. టీ నగర్ బట్టల కొట్లకైతే మెట్రో వద్దు. సెంట్రల్ ఎదురుగా పార్క్ స్టేషన్ నుంచి తాంబరం లోకల్ ఎక్కి మాంబళంలో దిగితే రంగనాథన్ వీధి మొదట్లోనే ఉంటారు.

ఎక్కిన బండి అసలు సెంట్రల్‌కి పోతుందా లేదా టికెట్ తీసేటప్పుడే చూసుకోవాలి. కేరళ వైపు పోయే కొన్ని బండ్లు పెరంబూరులో ఆగి అటే వెళ్లిపోతాయి. అక్కడ మెట్రో పనులు ఇంకా సాగుతూనే ఉన్నాయి. చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎగ్మూరు మీదుగా తాంబరం పోతుంది. దాన్లో పోయేవాళ్లు ఎగ్మూరులో దిగి తాంబరం లోకల్ ఎక్కితే ఎయిర్‌పోర్టు ఎదురుగా తిరుశూలంలో దిగొచ్చు. మెట్రో కన్నా చవక, మెట్లు మాత్రం ఎక్కువ. బస్సుల సంగతి ఒక్క మాటలో: 2018 నుంచి మన వైపు బస్సులకి మాధవరం బస్టాండు పెట్టారు. అది ఊరికి ఉత్తరం కొస, మెట్రో ఇంకా కడుతూనే ఉన్నారు.

అనుకోకుండా బాగా పనికొచ్చింది విమ్కో నగర్. 2021 ఫిబ్రవరిలో నీలం లైను అక్కడిదాకా పెరిగింది. సూళ్లూరుపేట, గుమ్మిడిపూండి నుంచి వచ్చే లోకళ్లు విమ్కో నగర్‌లో ఆగుతాయి, అక్కడి నుంచి మెట్రోకి నడిచిపోవచ్చు. సెంట్రల్‌కి ముందు వచ్చే బేసిన్ బ్రిడ్జి దగ్గర గూడూరు లైనూ అరక్కోణం లైనూ కలుస్తాయి కాబట్టి సెంట్రల్‌లో ప్లాట్‌ఫారం ఖాళీ కాకపోతే బండి అక్కడే నిలబడిపోతుంది. విమ్కో నగర్‌లో దిగినవాళ్లకి ఆ బాధ లేదు. మెట్రో మొదలయ్యే కొస కాబట్టి కూర్చోడానికి సీటు దొరుకుతుంది. ఎయిర్‌పోర్టు దాకా దగ్గర దగ్గర గంట. తిరుగు ప్రయాణంలో మాత్రం వాషర్‌మన్‌పేటలో ఆగిపోయే బండి కాకుండా విమ్కో నగర్ డిపో అని రాసిన బండే చూసి ఎక్కాలి.

చిక్కల్లా లోకల్‌తోనే. గుమ్మిడిపూండి నుంచి ఉన్నన్ని బండ్లు సూళ్లూరుపేట నుంచి లేవు. ఒకటి తప్పితే చాలాసేపు కాచుకోవాలి. పట్టాల పని కోసం ఈ సెక్షన్లో లైన్ బ్లాక్ (కాసేపు బండ్లు ఆపడం) పెడుతుంటారు, ఆ రోజుల్లో కొన్ని లోకళ్లు రద్దవుతాయి, కొన్ని మధ్యలోనే ఆగిపోతాయి. ప్రకటన ముందే ఇస్తారు గానీ రైల్వే చెన్నై డివిజన్ సోషల్ మీడియా ఖాతాల్లో చూస్తే తప్ప మన వైపు చెవిన పడదు. విమానం ఉన్న రోజు ముందు రాత్రే చూసుకోండి.

అందుకే తడ, శ్రీసిటీ, సూళ్లూరుపేట చుట్టుపక్కల వాళ్లకి విమ్కో నగర్ దారి చెబుతాను. నెల్లూరు, కావలి, ఒంగోలు వాళ్లు మధ్యలో మారడం కన్నా తిన్నగా సెంట్రల్‌కి పోయే ఎక్స్‌ప్రెస్ ఎక్కడం మేలు, బేసిన్ బ్రిడ్జి దగ్గర అరగంట పోయినా సరే. జనరల్ టికెట్ తీసేవాళ్లు సూపర్‌ఫాస్టుకి అదనపు 15 రూపాయలు కట్టారో లేదో టికెట్ మీద చూసుకోండి. నెల్లూరు–చెన్నై 200 కిలోమీటర్ల లోపే కాబట్టి ఫోన్లో తీసిన జనరల్ టికెట్‌తో 3 గంటల్లో బండెక్కాలి. తిరిగొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులో విమానం దిగగానే తొందరపడి తీయొద్దు, సెంట్రల్ దగ్గరికొచ్చి, స్టేషన్ లోపలికి అడుగు పెట్టకముందు తీయండి.