సోర్స్ ఇవ్వని సాస్ మాక్రో ప్యాక్‌లతో జాగ్రత్త

డేటా విశ్లేషణకి వాడే సాస్ సాఫ్ట్‌వేర్‌లో టేబుల్స్‌కీ లిస్టింగ్స్‌కీ రెడీమేడ్ మాక్రోల (పేరుతో పిలిచి మళ్లీ మళ్లీ వాడుకునే కోడ్ ముక్కల) లైబ్రరీ అంటూ అమ్ముతున్న ప్యాక్ ఒకటి మా టీమ్‌కి చేరింది. జిప్ విప్పితే లోపల ఉన్నది ఒకే ఒక్క ఫైలు, సాస్‌మాకర్ కేటలాగ్. డాట్ సాస్ ఫైలు ఒక్కటీ లేదు. అంటే అమ్మింది కంపైల్ చేసిన (మనం చదవలేని రూపంలోకి మార్చిన) మాక్రోలనే, కోడ్‌ని కాదు. ఈ ముక్క ప్రకటనలో ఎక్కడా లేదు.

కోడ్ లేకపోతే ఏమవుతుందంటారా? విండోస్‌లో కంపైల్ చేసిన కేటలాగ్ లినక్స్‌లో నడవదు. డేటాసెట్లయితే సీడా అనే సాస్ సదుపాయం పుణ్యమా అని అటూ ఇటూ చదువుకోవచ్చు, కేటలాగులకి ఆ వీలు లేదు. అమీర్‌పేటలో సాస్ నేర్చుకుంటూ ఉచితంగా దొరికే ఆన్‌డిమాండ్ ఫర్ అకడమిక్స్ అనే ఆన్‌లైన్ సాస్ వాడేవాళ్లు ముఖ్యంగా గమనించండి, అది లినక్స్ సర్వర్ మీద నడుస్తుంది. సోర్స్ ఉంటే అక్కడే మళ్లీ కంపైల్ చేసుకుంటే సరిపోయేది. అది లేనప్పుడు కట్టిన డబ్బు గోవిందా.

కేటలాగ్‌లోనే సోర్స్ ఉందేమో చూసుకోవచ్చు. అది తయారైన ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే లిబ్‌నేమ్‌తో దాని ఫోల్డర్ చూపించి, ఎమ్‌స్టోర్డ్, సాస్‌ఎమ్‌స్టోర్ ఆప్షన్లు పెట్టి, శాతం గుర్తుతో కాపీ, మాక్రో పేరు, స్లాష్, సోర్స్ అని రన్ చేయండి. కంపైల్ చేసేటప్పుడు మాక్రో స్టేట్‌మెంట్‌లో స్టోర్ పక్కన సోర్స్ కూడా రాసి ఉంటేనే కోడ్ లాగ్‌లో (రన్ వివరాలు సాస్ రాసే చోట) పడుతుంది. కోడ్‌ని దాచేసే సెక్యూర్ ఆప్షన్ పెట్టి ఉంటే ఇక ఆశ వదులుకోవడమే. మొత్తం ఎన్ని మాక్రోలున్నాయో ప్రాక్ కేటలాగ్ కంటెంట్స్‌లో కనిపిస్తుంది, ప్రకటనలో చెప్పిన లెక్కతో సరిచూడండి.

డాట్ సాస్ ఫైళ్లిచ్చే ప్యాక్‌లన్నీ బాగుంటాయనీ కాదు. ఆటోకాల్‌లో, అంటే మాక్రోని పిలవగానే సాస్ దాని ఫైలు వెతికి తెచ్చుకునే పద్ధతిలో, ఫైలు పేరు, మాక్రో పేరు ఒకటే ఉండాలి, లినక్స్‌లో అయితే ఫైలు పేరు మొత్తం చిన్న అక్షరాల్లో. సెటప్ ఫైల్లో, ఆ ఫైళ్లు ఎక్కడ వెతకాలో చెప్పే సాస్ఆటోస్ ఆప్షన్‌కి వాళ్ల ఫోల్డర్ ఒక్కటే రాసి ఉంటే, సాస్‌తో వచ్చే ట్రిమ్, లెఫ్ట్ లాంటి మాక్రోలు కూడా మాయమై 'నాట్ రిజాల్వ్‌డ్' అని వార్నింగులు మొదలవుతాయి. బ్రాకెట్లలో ఫోల్డర్ పాత్ తర్వాత సాస్ఆటోస్ అని కూడా చేర్చి, కొత్త సెషన్ తెరవండి. ఒకసారి వెతికి దొరకని మాక్రోని సాస్ మామూలుగా మళ్లీ వెతకదు, అందుకే పాత సెషన్‌లో సరిచేసినా ఫలితం కనిపించకపోవచ్చు.

అన్నిటికంటే ప్రమాదం, వేరియబుల్‌ని ఆ మాక్రోకే పరిమితం చేసే లోకల్ స్టేట్‌మెంట్ లేని మాక్రోలది. బయటి మాక్రోలో లూప్ ఐ అనే వేరియబుల్‌తో 1 నుంచి 5 వరకు తిరుగుతూ, లోపల పిలిచిన మాక్రోలోనూ ఐ 1 నుంచి 3 వరకు తిరిగిందనుకోండి. లోపలిది ముగిసేసరికి ఐ 4, బయటికొచ్చాక 5, మళ్లీ లోపలికెళ్తే 4. ఇక ఆగదు. లోపలిది 9 వరకు వెళ్తే ఇంకా ఘోరం: బయటి లూప్ ఒక్కసారే తిరిగి, ఎర్రర్ లేకుండా ముగుస్తుంది. అయిదు టేబుళ్లకి ఒకటే వస్తుంది, లాగ్ మాత్రం శుభ్రంగా ఉంటుంది.

డబ్బు కట్టేముందు ఏదో ఒక మాక్రో డాట్ సాస్ ఫైలు, మీరు వాడే సాస్ వెర్షన్‌లో, మీరు వాడే ఆపరేటింగ్ సిస్టమ్‌లో దాన్ని నడిపిన పూర్తి లాగ్ అడగండి. స్క్రీన్‌షాట్ పంపుతామంటే ఒప్పుకోకండి.