జీడి కట్టర్ బ్లేడ్లకు సాల్ట్ బాత్: బొబ్బిలి షాపు ఎలా ఉందంటే

పలాస, కాశీబుగ్గ చుట్టుపక్కల జీడి యూనిట్లకు కట్టర్ బ్లేడ్లు చేసిచ్చేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. బొబ్బిలి గ్రోత్ సెంటర్ వైపు సాల్ట్ బాత్‌లో, అంటే కరిగిన ఉప్పు తొట్టిలో, హార్డెనింగ్ చేసే (స్టీల్‌ని గట్టిపరిచే) చిన్న షాపు ఒకటుంది. దూరం, ఛార్జీ కూడా మామూలు ఫర్నేస్ వాళ్ల కన్నా ఎక్కువే, అయినా మా సరుకు ఇప్పుడు అక్కడికే పంపుతున్నాం.

మాకున్న బాధ వంకర. పెంకు మాత్రమే కోసి పప్పును వదిలేయాల్సిన బ్లేడు అది, వంపు కొంచెం మారినా పప్పు బద్దలవుతుంది, గుండు పప్పు ధర బద్దకి రాదు కదా. ఫర్నేస్‌లో కాల్చి నూనెలో ముంచితే సన్నటి అంచు మెలి తిరిగేది, పైన పొలుసు లేచేది, మళ్లీ గ్రైండింగ్. ఇక్కడ ఓహెచ్ఎన్ఎస్ (ఒక రకం టూల్ స్టీల్) బ్లేడ్లను 800 డిగ్రీల దగ్గర కరిగిన క్లోరైడ్ ఉప్పులో వేలాడదీస్తారు. చుట్టూ ద్రవమే కాబట్టి వేడి అన్ని వైపులా ఒకేలా అందుతుంది, గాలి తగలదు, బయటికి తీసినప్పుడు కూడా సన్నటి ఉప్పు పొర అంటుకునే ఉంటుంది. ఆ తర్వాత నూనె కాదు, 200 డిగ్రీల పైన ఉన్న నైట్రేట్ ఉప్పులో ముంచుతారు, అక్కడ లోపలా బయటా వేడి సమానమయ్యాకే గాలికి వదులుతారు. వంకర తగ్గింది ముఖ్యంగా దీనివల్లే.

నాకు నమ్మకం కుదిరింది మాత్రం వాళ్ల రేకు టెస్ట్ చూశాక. హై కార్బన్ స్టీల్ రేకు ముక్కని కాసేపు బాత్‌లో ఉంచి, నీళ్లలో ముంచి, పటకారుతో వంచుతారు. టక్కున విరిగితే బాత్ బాగున్నట్టు. వంగిందంటే ఉప్పు స్టీల్‌లోని కార్బన్‌ని లాగేస్తోందన్నమాట, అప్పుడు ఎంత కాల్చినా అంచు పైపొర మెత్తగానే ఉంటుంది. నేను వెళ్లిన రోజు అది వంగింది. మేస్త్రి మా బ్లేడ్లు పక్కన పెట్టేసి, అడుగున దిగిన మడ్డి తోడి, రెక్టిఫయర్ (ఉప్పును సరిచేసే మందు) వేసి, ఇంకో రేకు విరిగేదాకా ఒక్కటీ దింపలేదు. సాయంత్రమైపోయింది, అయినా నాకు చాలా సంతోషమేసింది.

"తడి సరుకు నా బాత్‌లో పడదు బావూ" అంటాడాయన, ప్రతి ముక్కా ముందు ఓవెన్‌లో ఆరాల్సిందే. చుక్క నీరున్నా ఒక్కసారిగా ఆవిరై ఉప్పు మనుషుల మీదికి చిమ్ముతుంది మరి.

నచ్చనిది కడగడం. స్క్రూ రంధ్రాల్లో ఉప్పు మిగిలిపోతోంది, మన సముద్రపు గాలికి అక్కడే తుప్పు మొదలవుతుంది. చెప్తే వింటారు కానీ ప్రతిసారీ చెప్పాలి. వేడినీళ్లతో కడిగి నూనె రాసి ఇవ్వమని బిల్లు మీదే రాయించుకోండి. కరెంటు పోయి బాత్ గడ్డకడితే మళ్లీ కరిగేదాకా పని జరగదు, ఉప్పులోంచి కరెంటు పారితేనే బాత్ వేడెక్కుతుంది, గడ్డ ఉప్పులోంచి పారదు కాబట్టి తిరిగి మొదలెట్టడమే పెద్ద పని, అందుకని ఫోన్ చేసి కనుక్కున్నాకే బయల్దేరండి.