బైపాస్‌కి కాలి నరం: పొడవు కోతా, కెమెరానా?

నెల్లూరులో గుండె ఆపరేషన్ అయినవాళ్ళకి కాలి డ్రెస్సింగులు మార్చే పని నాది. బైపాస్ అనగానే ఇంటివాళ్ళు అడిగేది ఒకటే: "కాలంతా కోసి నరం తీస్తే మంచిదా, కెమెరాతోనా?"

గుండె ముందువైపు ప్రధాన నాళానికి ఛాతీ లోపలి ధమనినే కలుపుతారు, దాని మీద పెద్దగా వాదం లేదు. తగవంతా మిగతా గ్రాఫ్టులకి (మూసుకుపోయిన చోటును దాటించి రక్తం పారేలా కుట్టే నాళాలకి) తీసే కాలి సిర దగ్గరే, ఇంటివాళ్ళు నరమనేది దీన్నే.

పొడవు కోతలో చీలమండ నుంచి తొడ దాకా కూడా తెరవాల్సి రావచ్చు. సిర కళ్ళెదుటే ఉంటుంది, పక్క కొమ్మల్ని నిదానంగా ముడివేసుకోవచ్చు. అవస్థంతా తర్వాత. షుగరుండి, మనిషి లావైతే ఛాతీ గాయం మానినా మోకాలి కింద కుట్లు విడిపోయి నీరు కారుతుంటుంది. మా దగ్గరికొచ్చేది ఎక్కువగా మడి పనివాళ్ళు, రొయ్యల గుంటలవాళ్ళు. నీళ్ళలో దిగొద్దంటే, "మరి మేతెవురేస్తారు సిస్టర్?" అంటారు.

కెమెరాతో అయితే మోకాలి దగ్గర చిన్న గాటు చాలు. గొట్టం పంపి, కార్బన్ డయాక్సైడ్‌తో చోటు చేసుకుని సిరను విడదీస్తారు.

2009లో వచ్చిన ఒక పరిశీలన కెమెరాతో తీసిన సిరలే ఎక్కువ మూసుకుపోతున్నాయని చెప్పి సర్జన్లను భయపెట్టింది. 2019లో ఈ రెండు పద్ధతుల్నీ పోల్చిన రీగ్రూప్ ట్రయల్, 1,150 మందిని చూసి, మరణాలు, గుండెపోట్లు, మళ్ళీ చేయాల్సిన ప్రొసీజర్లు కలిపి లెక్కేస్తే చెప్పుకోదగ్గ తేడా లేదంది. కాలి ఇన్‌ఫెక్షన్లు పొడవు కోతలో 3.1 శాతం, కెమెరాతో 1.4. అయితే అందులో సిర తీసినవాళ్ళంతా అప్పటికే వందకు పైగా కెమెరా కేసులు చేసినవాళ్ళు. నా లెక్కలో తేల్చేది ఇదే. అలవాటు లేని చేయి సిరను లాగినా, సిరంజితో గట్టిగా ఉబ్బించినా లోపలి పొర దెబ్బతింటుంది. కాలు చూస్తే ముచ్చటగా మానుతుంది, గుండె దగ్గర గ్రాఫ్టు మాత్రం ముందే మూసుకుపోవచ్చు. అందుకే "నరం తీసేదెవరు, ఇప్పటిదాకా ఎన్ని తీశారు?" అని అడగమంటాను. చెన్నై పోయినా అడగాల్సిందే. చేయి తిరిగినవాళ్ళుంటే, ముఖ్యంగా షుగరున్నవాళ్ళకి, నా ఓటు కెమెరాకే. లేకపోతే పొడవు కోతే నయం.

చుట్టూ కొవ్వుతో సహా సిర తీసే 'నో టచ్' అనే ఇంకో పద్ధతి స్వీడన్‌లో పుట్టింది. 2024లో అక్కడి ట్రయల్‌లోనే గ్రాఫ్టులకి అదనపు మేలు కనపడలేదు, కాలి పుండ్లు మాత్రం పెరిగాయి. ముంజేతి ధమని కొందరికి బాగా పనికొస్తుంది, ఆ సంగతి సర్జనే తేల్చాలి.

కెమెరా కిట్టు ఖరీదైనది. ఎన్టీఆర్ వైద్య సేవలో (మునుపటి ఆరోగ్యశ్రీ) చేయించుకునేవాళ్ళు అది ప్యాకేజీలోనే వస్తుందో, చేతి నుంచి పెట్టుకోవాలో సంతకం పెట్టకముందే ఆసుపత్రిలో ఆ పథకం చూసేవాళ్ళను అడగండి.