మూడేళ్లు వాడాక: సూదుల్లేని మెరిడియన్ వైద్యంలో నేను ఉంచుకున్నదీ, వదిలేసిందీ

నాకు 52 ఏళ్లు. డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో ఉంటాం. మూడేళ్ల క్రితం సంక్రాంతి వారంలో పై అరలోంచి మినప్పప్పు డబ్బా తీయబోతే కుడి భుజంలో కలుక్కుమంది. నెల తిరిగేసరికి జడ వేసుకోలేను, కారు వెనక సీటు మీది బ్యాగు అందుకోలేను, రాత్రి నిద్రలో ఆ పక్కకి ఒత్తిగిలితే ప్రాణం పోయినంత పని. సూదులంటే చిన్నప్పట్నుంచీ నాకు వణుకు. ఆఫీసులో ఒకావిడ "చైనావాళ్ల మెరిడియన్ల మీదే పనిచేస్తారు, కానీ సూది ఉండదు, కండరాలు నొక్కి చూస్తారు, కినీసియాలజీ అంటారు" అని చెప్పగానే మర్నాడే ఫోన్ చేశాను. మొదటి ఏడాది 22 సార్లు వెళ్లాను, ఒక్కోసారికి 90 డాలర్లు. తర్వాత రెండు వారాంతాలు కూర్చుని ఆ విద్య నేర్చుకున్నాను కూడా.

ఆ గదిలో ఒక మసాజు బల్ల, గోడకి నిలువెత్తు మనిషి బొమ్మ, ఒంటి నిండా రంగు గీతలు. అవే మెరిడియన్లు. రెండు వైపులా ఉండేవి పన్నెండు, వెన్ను మీదుగా ఒకటి, ముందు నడిమధ్యగా ఒకటి, మొత్తం 14. వాటి మీద 361 బిందువులు. మూత్రాశయం గీత ఒక్కదానికే 67 ఉన్నాయి. కంటి లోపలి కొసన మొదలై, తల మీదుగా ఎక్కి, వీపంతా దిగి, పిక్క వెనకనుంచి కాలి చిటికెన వేలి దాకా పోతుంది. గుండె గీతకేమో తొమ్మిదే. ఈ దారుల్లో చీ పారుతుందనీ, అది ఎక్కడైనా ఆగితే జబ్బనీ చైనా వైద్యం చెబుతుంది. మనం ప్రాణం అంటామే, దానికి దగ్గరి భావం. ఫోన్లో చెబితే మా అమ్మ "మన మర్మస్థానాల లాంటివేగా" అంది. పూర్తిగా కాదు. సుశ్రుతుడు చెప్పిన 107 మర్మాలు దెబ్బ తగిలితే ప్రమాదమైన చోట్లు. ఇవి నయం చేయడానికి తాకే చోట్లు.

ఈ కినీసియాలజీ (పూర్తి పేరు అప్లైడ్ కినీసియాలజీ) చైనాది కాదు. డెట్రాయిట్‌లో జార్జ్ గుడ్‌హార్ట్ అనే కైరోప్రాక్టర్ (వెన్నెముకనీ కీళ్లనీ చేత్తో సర్దే ఆయన) 1964లో మొదలుపెట్టారు. చేత్తో ముందుకి తోయలేని ఒక యువకుడికి భుజం రెక్క వెనక్కి పొడుచుకొచ్చి ఉంటే, ఆ కండరం పక్కటెముకలకి అతుక్కునే చోట గట్టిగా నొక్కారు, బలం వచ్చింది. తర్వాత ఆయన కండరాలకీ చైనా గీతలకీ లంకె వేశారు. కాలిఫోర్నియా పాసడీనాలో జాన్ థీ అనే ఆయన దాన్ని మామూలు జనం ఇంట్లో చేసుకునేలా మలిచి 1973లో పుస్తకం వేశారు. నేను నేర్చుకున్నది ఆ పద్ధతే. ఛాతీ కండరం పైభాగం కడుపుకి గుర్తు, వీపు వెడల్పు కండరం ప్లీహానికి, తొడ ముందు కండరం చిన్నపేగుకి, భుజం ముందు కండరం పిత్తాశయానికి. మా ఊరి పక్కన పుట్టిన విద్య అన్న అభిమానం నాకు ఇప్పటికీ ఉంది.

మొదటి రోజు సంగతి చెప్పాలి. ఆ వైద్యం చేసే ఆవిడ నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, బాగున్న ఎడమ చెయ్యి పైకెత్తమన్నారు. "పట్టి ఉంచండి" అని మణికట్టు పైన రెండు వేళ్లతో రెండు సెకన్లు నొక్కారు, మామిడిపండు ముగ్గిందో లేదో చూసినంత ఒత్తిడి. చెయ్యి నిలబడితే ఆ గీత సవ్యంగా ఉన్నట్టు, వాలిపోతే అడ్డుపడినట్టు. నాలుగో కండరం దగ్గర నా చెయ్యి జారిపోయింది. ఆపుదామన్నా ఆగలేదు. ఆవిడ పక్కటెముకల మధ్య ఒక చోట అర నిమిషం రుద్ది, గీత పొడుగునా అరచేతితో దువ్వి, మళ్లీ నొక్కారు. ఈసారి చెయ్యి కదల్లేదు. నేను నటించలేదు, ఆవిడ మోసం చెయ్యలేదు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. వారాల తరబడి మాట వినని ఒళ్లు ఒక్కసారి బదులు పలికినట్టనిపించింది. ఎవరెంత చెప్పినా ఆ బల్ల దిగి వచ్చినవాళ్లకి నమ్మకం ఎందుకు సడలదో నాకు తెలుసు.

రెండో నెలలో, తెల్లవారుజామున 3 గంటలకి మెలకువ వస్తోందని చెప్పాను. చైనా లెక్కలో రోజుని పన్నెండు గీతలు రెండేసి గంటల చొప్పున పంచుకుంటాయి. 3 నుంచి 5 ఊపిరితిత్తులది, 5 నుంచి 7 పెద్దపేగుది, 7 నుంచి 9 కడుపుది. ఊపిరితిత్తులతో జోడించే భావం దుఃఖం. అంతకు ముందు ఏడే మా నాన్నగారు పోయారు. "ఆ దుఃఖం లోపలే ఉండిపోయింది" అన్నారావిడ. గుండెకి అంత దగ్గరగా వచ్చిన మాట విన్నాక ఇంకో కారణం ఎవరు వెతుకుతారు? లేచిన ప్రతిసారీ నేను బాత్రూముకే వెళ్తున్నాను. ఆ సంగతి నేను చెప్పలేదు, ఆవిడ అడగలేదు.

నాలుగో నెలలో మా ఇంట్లో అందరికీ షుగర్ ఉందని అన్నాను. పంచదార పొట్లం బొడ్డు మీద పెట్టి చెయ్యి నొక్కి చూశారు. నిలబడింది. గోధుమపిండి పెట్టారు, వాలిపోయింది. "పంచదారతో మీకు పేచీ లేదు, గోధుమే పడట్లేదు" అన్నారు. నేను చపాతీలు మానేసి మూడు పూటలా అన్నం తిన్నాను. ఇలా రాస్తుంటే ఇప్పటికీ నా మీద నాకు కోపం రావట్లేదు గానీ, బాధ మాత్రం వస్తుంది. ఆ సమయంలో ఎవరైనా ఒక్కరు వేలికి సూది గుచ్చి చూపించి ఉంటే బాగుండేది.

మొదటి వారం నుంచి లెక్కేస్తే ఎనిమిది నెలలకి, ఆఫీసు ఇన్సూరెన్స్ కోసం చేయించిన రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే లెక్క, 8.6 వచ్చింది. డాక్టరమ్మ మొదట అడిగింది భుజం గురించే. షుగర్ ఉన్నవాళ్లకి భుజం పట్టేయడం మిగతావాళ్లకంటే చాలా ఎక్కువట. రాత్రి మెలకువలూ దానివే. రెండూ ఒకే తీగకి కాసిన కాయలు. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర మొదలుపెట్టాను, ఫిజియోథెరపీకి వెళ్లాను, గోడ మీద వేళ్లతో పాకించడం, ముందుకి వంగి చెయ్యి ఊపడం రోజూ చేశాను.

రిపోర్టు వచ్చిన వారమే ఆ చెయ్యి నొక్కే పద్ధతికి ఇంట్లో పరీక్ష పెట్టుకున్నాం. రెండు మాత్రల సీసాలు, ఒకదాంట్లో పంచదార, ఒకదాంట్లో ఉప్పు, బరువు సమానంగా తూచి, పైన కాగితం చుట్టాం. మా అమ్మాయి పక్కగదిలో బొమ్మాబొరుసూ వేసి సీసా ఎంచి, తలుపు దగ్గర పెట్టి వెళ్లిపోయేది. నాకు తెలీదు, నొక్కే మా ఆయనకీ తెలీదు. నాకు షుగర్ ఉందని తేలింది కాబట్టి పంచదారకి వాలాలి, ఉప్పుకి నిలబడాలి. 20 సార్లు చేస్తే 11 సార్లు సరిపోయింది. కాగితాలు విప్పేసి, చూస్తూ చేస్తే 20కి 20. ఆ రాత్రి మేమిద్దరం వంటింట్లో చాలాసేపు కూర్చుండిపోయాం. నొక్కేవాళ్ల వేలు ఒక అరక్షణం ముందు దిగినా, కోణం కాస్త మారినా, మన మనసు వాలిపోతుందని ఎదురుచూసినా చెయ్యి వాలుతుంది. ఎవరికీ తెలియకుండానే జరుగుతుంది. 1988లో అమెరికా పోషకాహార నిపుణుల పత్రికలో ఇలాంటి పరీక్షే వచ్చింది. అనుభవమున్న ముగ్గురు కినీసియాలజిస్టులు 11 మందిలో థయామిన్, జింక్, విటమిన్ ఎ, విటమిన్ సి లోటు ఉందో లేదో చెప్పాలి. వాళ్ల మాటలు ఒకరివొకరికి కుదర్లేదు, రక్తపరీక్షలతోనూ కుదర్లేదు. నేను వెళ్లకముందే చదివి ఉండాల్సిన సంగతి.

క్లాసులో "ఐదు వేల ఏళ్లుగా మారని జ్ఞానం" అని చెప్పేవారు. అదీ నిజం కాదు. థీ పుస్తకం వచ్చిన 1973లోనే చైనాలో చాంగ్‌షా దగ్గర మావాంగ్‌ద్వేలో, క్రీస్తుపూర్వం 168లో మూసిన సమాధిలోంచి పట్టుమీద రాసిన వైద్యగ్రంథాలు బయటపడ్డాయి. వాటిలో దారులు 11 మాత్రమే, పన్నెండు లేవు. బిందువుల పేర్లూ లేవు. ఆ పటాన్ని తరాల తరబడి మనుషులు గీస్తూ, దిద్దుతూ వచ్చారు. నాకు ఇది తెలిశాక గౌరవం తగ్గలేదు, పెరిగింది. దిద్దుకుంటూ వచ్చినదాన్ని మనమూ దిద్దుకోవచ్చు కదా.

ఉంచుకున్నవి చెబుతాను. అన్నిటికంటే ముందు త్యావ్‌కౌ. మోకాలికీ చీలమండకీ సరిగ్గా మధ్యలో, ముంగాలు ఎముక అంచుకి బయటివైపు ఒక వేలెడు దూరం. కడుపు గీత మీది బిందువు అది, అయినా చైనా వైద్యులు పట్టేసిన భుజానికి వాడతారు. కాలి మీద బొటనవేలితో నొక్కిపట్టి, అదే సమయంలో భుజాన్ని నెమ్మదిగా తిప్పాలి. మా ఆయన నొక్కేవారు, నేను చెయ్యి గోడ మీద పైకి పాకించేదాన్ని. వ్యాయామం నొప్పి ఆ పది నిమిషాలు భరించగలిగేదాన్ని. గీతలోంచి చీ కదిలిందో, ఇంకోచోట నొప్పి పెడితే ఇక్కడి నొప్పి మరుగున పడిందో, నేను తేల్చలేను. పైగా పట్టేసిన భుజం ఏడాది నుంచి మూడేళ్లలో చాలామందికి తనంతట తానే వదులవుతుంది, నాకూ అలాగే వదిలి ఉండొచ్చు.

వికారానికి నేయ్‌గువాన్. మణికట్టు ముడత నుంచి మోచేతివైపు రెండు త్సున్‌లు, రెండు నరాల్లా కనిపించే స్నాయువుల మధ్య. త్సున్ అంటే ఎవరి బొటనవేలి వెడల్పు వాళ్లకి కొలత, మన ఆయుర్వేదంలో రోగి అంగుళంతోనే రోగిని కొలిచినట్టు. ఆపరేషన్ తర్వాత వచ్చే వికారం మీద ఈ బిందువుని పరీక్షించిన 59 ప్రయోగాల్ని కలిపి 2015లో ఒక సమీక్ష వచ్చింది. వాంతి మందులకి దీటుగా పనిచేసిందని తేలింది. మెరిడియన్ వైద్యంలో నేను కళ్లు మూసుకుని సిఫారసు చేసేది ఇదొక్కటే. హైదరాబాద్ విమానం ఎక్కిన ప్రతిసారీ నా మణికట్టుకి ఆ బిందువుని నొక్కిపెట్టే పట్టీ ఉంటుంది.

ఇంకొకటి, నుదుటి మీద రెండు కళ్లకీ పైన కాస్త ఉబ్బెత్తుగా ఉండే చోట్ల వేలికొనలు తేలిగ్గా ఆనించి, బాధ పెడుతున్న విషయాన్ని తలుచుకుంటూ రెండు మూడు నిమిషాలు ఉండడం. దీనికి రుజువులు నేను చూడలేదు. నాన్నగారి గురించి మొదటిసారి గట్టిగా ఏడ్చింది ఆ వేళ్ల కిందే, అందుకని వదల్లేదు.

గర్భిణులు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనున్న హగూనీ, లోపలి చీలమండ పైన నాలుగు వేళ్ల ఎత్తునున్న సాన్‌యిన్‌జావ్‌నీ, భుజం మీది జ్యాన్‌జింగ్‌నీ నొక్కించుకోకూడదని సంప్రదాయమే చెబుతుంది. పిక్క ఒకవైపే వాచి వేడిగా ఉంటే ఎవర్నీ తాకనివ్వకండి, డాక్టరు దగ్గరికి వెళ్లండి. నాలాగా షుగర్ ఉండి పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు కాళ్ల మీద గట్టిగా నొక్కించుకోవద్దు, దెబ్బ తగిలినా తెలీదు.

ఇప్పుడు హెచ్‌బీఏ1సీ 6.7. కుడి చెయ్యి వీపు మీదికి ఎడమ చెయ్యికంటే మూడు వేళ్ల కిందిదాకా పోతుంది, జడ నేనే వేసుకుంటున్నాను. రిపోర్టు పట్టుకెళ్లి కినీసియాలజీ చేసిన ఆవిడకి చూపించాను. చాలాసేపు చూసి, "నేను అడగాల్సింది" అన్నారు. నెలకోసారి ఇప్పటికీ వెళ్తాను, వీపు మీద ఆ 67 బిందువుల గీతని ఆవిడ నొక్కినట్టు ఇంకెవరూ నొక్కలేరు. బల్ల మీద పడుకుంటాను. చెయ్యి మాత్రం పైకెత్తను.