జీరో బిల్లు వస్తుందని పవర్ సేవర్ డబ్బా కొనకండి

తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద జీరో బిల్లు నెలకు 200 యూనిట్ల వరకే. 201 వచ్చిందంటే ఆ ఒక్క యూనిట్‌కే కాదు, మొత్తం బిల్లూ కట్టాలి. అందుకే 200కి అటూ ఇటూ తిరిగే ఇళ్లంటే పవర్ సేవర్ అమ్మేవాళ్లకు మంచి బేరం.

ప్లగ్‌లో పెడితే చాలు, బిల్లు సగమవుతుందంటారు. విప్పి చూస్తే లోపల ఒక కెపాసిటర్ (కండెన్సర్), పైకి వెలగడానికి ఒక ఎల్ఈడీ. ఫ్యాను, ఫ్రిజ్, మోటారు లైనులోంచి తీసుకుని మళ్లీ లైనుకే తిప్పి పంపే కరెంటు కొంత ఉంటుంది. కెపాసిటర్ దాన్ని తగ్గించే మాట నిజమే. కానీ ఇంటి మీటరు దానికి యూనిట్లు వేయదు, నిజంగా ఖర్చయిన వాట్లకే వేస్తుంది. అమ్మేవాడు తీగ చుట్టూ కరెంటు కొలిచే క్లాంప్ మీటరు తగిలించి ఆంపియర్లు పడిపోవడం చూపిస్తాడు. ఆంపియర్లు తగ్గుతాయి, యూనిట్లు తగ్గవు. కిటుకంతా అక్కడే ఉంది.

నమ్మకం కుదరకపోతే డబ్బులిచ్చే ముందే పరీక్షించండి. మీటరు మీద యూనిట్‌కు ఎన్నిసార్లు లైటు మెరుస్తుందో రాసి ఉంటుంది. అది 3200 అయితే, మిగతావన్నీ ఆపేసి 75 వాట్ల ఫ్యాను ఒక్కటే ఫుల్ స్పీడులో పది నిమిషాలు తిప్పితే దాదాపు 40 సార్లు మెరవాలి. డబ్బా పెట్టి మళ్లీ లెక్కపెట్టండి. తేడా రాదు. ఈ పరీక్షకు అమ్మేవాడు ఒప్పుకోడు, అదొక గుర్తు.

అదే డబ్బు తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్డీసీ ఫ్యానులో పెడితే ఫలితం కనిపిస్తుంది. 75 వాట్లకు బదులు 30 వాట్లే తీసుకుంటుంది కాబట్టి రోజుకు పది గంటలు తిరిగితే నెలకు 13 యూనిట్లకు పైనే మిగులుతాయి. 210 దగ్గర ఆగే ఇంటికి అదొక్కటే సరిపోతుంది.

200 దాటకున్నా బిల్లు వస్తోందంటే లోపం వాడకంలో కాదు, నమోదులో. తెల్ల రేషన్ కార్డు, ఆధార్, కరెంటు సర్వీసు నంబరు సరిగ్గా కలిశాయో లేదో చూసుకోవాలి. అద్దెకున్నవాళ్లకూ పథకం వర్తిస్తుంది, అయితే ఉంటున్న ఇంటి సర్వీసు నంబరే ఉండాలి. పల్లెల్లో ఎంపీడీఓ కార్యాలయంలో, పట్టణాల్లో మున్సిపల్ కార్యాలయంలో అడగండి. పాత బకాయిలు మాత్రం ఇందులో మాఫీ కావు. మాఫీ చేయిస్తానని కమీషన్ అడిగేవాడికి పైసా ఇవ్వొద్దు.

ఫోన్ చేసి జీరో బిల్లు మంజూరుకు ఓటీపీ చెప్పమన్నా, యాప్ వేసుకోమన్నా ఫోన్ కట్ చేయండి. అప్పటికే ఖాతాలో డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేసి, బ్యాంకుకూ చెప్పి ఖాతా ఆపించండి.